లిండ్సే కారు కింద ఉన్నప్పుడు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, కారు మనిషి మీద పడటం. జాకీ మీద లేపిన కారు, దాని కింద వెల్లకిలా పడుకున్న మనిషి, బయటికి కనిపించే రెండు బూట్లు. ఆ బూట్లు కాసేపు కదలకపోతే నేను లేచి నిలబడిపోతాను. పాము కనిపిస్తే పార తెచ్చుకుంటాను. మా పాప మార్లీకి జ్వరమొస్తే తడిగుడ్డ వేసి నర్సుకి ఫోన్ చేస్తాను. కారు కింద ఉన్న మనిషి కోసం మాత్రం చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చెయ్యాలో నాకు తెలీదు.

అందుకే మా మామ లిండ్సే, అంటే మా ఆయన జారడ్ వాళ్ళ నాన్న, కొత్త సస్పెన్షన్ సామాను యూట్ అనే చిన్న ట్రక్కు వెనకాల వేసుకుని మా వాకిట్లో దిగగానే, నేను నిండు నెలల పొట్ట పట్టుకుని ఎదురెళ్ళి, "జారడ్ వచ్చేదాకా ఆగకూడదా?" అన్నాను.

"వాడొచ్చేది శుక్రవారం. శనివారం తెల్లారి మీ ప్రయాణం. మధ్యలో వాడు నిద్రపోవాలా, కారు బాగుచెయ్యాలా? గనిలో రాత్రి షిఫ్టులు చేసొచ్చిన వాడి చేతికి పానా ఇస్తే కారు కిందే గురక పెడతాడు," అన్నాడు లిండ్సే.

ప్రయాణం వాయిదా వెయ్యడానికీ లేదు. మా ఊరి ఆసుపత్రిలో పురుళ్ళు పొయ్యడం మానేసి చాలా కాలమైంది. ఈ ద్వీపకల్పంలో కడుపుతో ఉన్నవాళ్ళందరం నెల ముందే అడిలైడ్ నగరానికి వెళ్ళి, ఎవరింట్లోనో సర్దుకుని, నొప్పుల కోసం ఎదురుచూడాల్సిందే. మార్లీ అప్పుడూ అంతే. దారి పొడుగునా రోడ్డు బాగుంటే ఇబ్బంది లేదు. కానీ హైవే ఎక్కేదాకా మాది మట్టిరోడ్డు, ఇంటిమీద రేకులా అడ్డంగా మడతలు పడి ఉంటుంది. ఆ మడతల మీద తిరిగీ తిరిగీ మా పాత వ్యాగన్ కారు ముందు భాగం అరిగిపోయింది. గుంట తగిలినప్పుడల్లా కాళ్ళ దగ్గర ఎవరో సుత్తితో కొట్టినట్టు దబ్ దబ్ మనేది. స్టీరింగ్ వదిలితే కంచె వైపు వెళ్ళిపోయేది.

"చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్ములు రెండూ మార్చాలి. బుష్‌లలో రబ్బరు ఎప్పుడో చచ్చిపోయింది. బాల్ జాయింట్లూ అంతే. షాక్ అబ్జార్బర్లు స్ప్రింగులతో సహా బిగించి ఉన్నవే తెచ్చాను, నువ్వు ఫోన్లో ఏడ్చావని," అన్నాడు.

"ఏడవలేదు."

"స్ప్రింగు ఊడి నా తల ఎగిరిపోతుందన్నావు."

"అన్నాను. ఏడవలేదు."

లిండ్సే పెదవి కొరుక్కుని నవ్వాడు. ఆయనకి డెబ్బై దాటాయి. పొలం చాలావరకు అమ్మేశాక, ధాన్యం నిలవచేసే సైలోల రోడ్డు మీద మిగిలిన ముక్కలో ఒక్కడే ఉంటున్నాడు. మా అత్త మొరీన్ పోయిన దగ్గర్నుంచీ వంట మానేశాడు గానీ, షెడ్డులో పని మానలేదు. గుండెకి రోజూ మాత్రలు వేసుకుంటాడు. ఆ మాత్రల సంగతి నర్సు నాతో చెప్పింది, ఆయన చెప్పలేదు.

మాకు సిమెంటు వాకిలి లేదు. ఎర్రమట్టే. ఆ మట్టి ఎండాకాలంలో రాయి. అయినా లేపిన కారుని మోసే స్టాండు కాళ్ళు బరువుకి దిగబడతాయని ఇక్కడ అందరూ ఒక పని చేస్తారు: పాత డిస్క్ నాగలి బిళ్ళ ఒకటి మట్టిలో బోర్లించి, దాని మీద స్టాండు పెడతారు. లిండ్సే కూడా బిళ్ళలు తెచ్చుకున్నాడు, తన తండ్రి దున్నిన నాగలివి. కారు ముందువైపు లేపి, చెరో పక్క స్టాండు పెట్టి, భుజంతో కారుని ఒకసారి గట్టిగా కుదిపి చూశాడు. కదల్లేదు.

"చూశావా? చర్చి గోడలా ఉంది."

"విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పెట్టు," అన్నాను.

"ఎందుకు? నా మోచేతికి అడ్డం."

"అడ్డం ఉండటానికే పెట్టమంటున్నా. స్టాండు జారినా చక్రం మీద ఆగుతుంది."

"అరవై ఏళ్ళుగా కార్ల కింద దూరుతున్నాను, అమ్మాయ్."

"అరవై ఏళ్ళు నేను చూడలేదు. ఇవాళ చూస్తున్నా. పెట్టు."

ఆయన మార్లీ వైపు తిరిగాడు. మార్లీకి మూడో ఏడు నడుస్తోంది. చేతిలో ప్లాస్టిక్ సుత్తి పట్టుకుని అప్పటికే కారు బంపర్‌ని బాగుచేస్తోంది. "మీ అమ్మ బళ్ళో టీచరు కావాల్సింది," అన్నాడు.

"అమ్మ బడి మానేసింది," అంది మార్లీ.

"అందుకే టీచర్లు బతికిపోయారు," అంటూ చక్రాన్ని దొర్లించి కారు అంచు కిందకి తోశాడు. నేను మడతకుర్చీ తెచ్చుకుని, ఆయన బూట్లు కనిపించేంత దగ్గరగా వేసుకుని కూర్చున్నాను.

ఎడమపక్క పని మధ్యాహ్నంలోగా అయిపోయింది. పాత నట్ల మీద తుప్పు మందు కొట్టడం, అది నానేదాకా టీ తాగడం, పానాకి పైపు తొడిగి లాగడం, తిట్టడం. బాల్ జాయింట్ బిగుసుకుపోతే పక్కనున్న ఇనుముని సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అది టప్‌మని ఊడింది. చప్పుడు అవుతున్నంతసేపూ నాకు బాగానే ఉండేది. ఆగితేనే కష్టం.

"లిండ్సే?"

"ఏంటి?"

"ఏం లేదు."

కొంచెంసేపటికి మళ్ళీ చప్పుడు ఆగింది.

"లిండ్సే?"

"బోల్టు వెతుక్కుంటున్నా, టీగన్! చచ్చానో లేదో ప్రతి నిమిషం కనుక్కోవాలా?"

"అవును."

కారు కింద పెద్ద నిట్టూర్పు. "సరే. నువ్వు పిలిచినప్పుడల్లా నేను పెంచిన కుక్కల్లో ఒకదాని పేరు చెప్తా. 'ఏంటి' అనీ అనీ నోరు నొప్పెడుతోంది."

అప్పట్నుంచీ అదే నడిచింది. నేను "లిండ్సే?" అంటే కారు కింద నుంచి "టెస్" అని వచ్చేది. తర్వాత "బ్లూ". తర్వాత "ఇంకో బ్లూ". తర్వాత "స్కిప్, గొర్రెల్ని చూస్తే పారిపోయేవాడు". మార్లీ నా ఒళ్ళో చోటు లేక కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి ఒక్కో పేరూ తిరిగి అరిచేది. మధ్యాహ్నం చల్లారిన మటన్ ముక్కలు, టమాటా పచ్చడి పెట్టి శాండ్‌విచ్‌లు చేశాను. లిండ్సే కారు నీడలో కూర్చుని నల్లటి వేళ్ళతోనే తిన్నాడు. కొత్త ఆర్ము నల్లగా మెరుస్తూ ఎడమపక్క వేలాడుతోంది. దాన్ని చూస్తే నాకు ముచ్చటేసింది. అడిలైడ్ దాకా వెళ్ళగలమని మొదటిసారి అనిపించింది.

ఆ ఉత్సాహంలోనే నేను పుట్టబోయే బిడ్డ బట్టలన్నీ బయటికి తీశాను. మార్లీ పాతవే, అట్టపెట్టెలో ఉండి ఉండి ముక్కిపోయిన వాసన వస్తున్నాయి. మామూలుగా మా ఇంట్లో రోజుకి ఒక్కసారే వాషింగ్ మెషీన్ వేస్తాం. వర్షపు నీళ్ళు ట్యాంకులో తక్కువ. వాడిన నీళ్ళు వృథా పోకుండా మెషీన్ గొట్టాన్ని గోడ కన్నంలోంచి బయటికి లాగి వాకిట్లో ఉన్న నిమ్మచెట్టు పాదులో పెట్టుకున్నాం. ఈ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ అలాంటి గొట్టం ఉంటుంది, నిమ్మచెట్లన్నీ సబ్బునీళ్ళతోనే బతుకుతాయి. ఆ రోజు బట్టలు చూసేసరికి చెయ్యి ఆగలేదు. ఒక విడత, ఇంకో విడత, ఇంకొకటి. మెషీన్‌లో వెయ్యడం, వచ్చి కుర్చీలో కూర్చోవడం, "లిండ్సే?" అనడం.

ఆయన కుడిపక్క మొదలుపెట్టాడు. ఈసారి చక్రం పెట్టమని చెప్పక్కర్లేకుండానే దొర్లించాడు, నా వైపు చూసి కన్నుకొట్టి మరీ. వెనక బోల్టు అందడానికి బాగా లోపలికి జరగాల్సొచ్చింది. మోకాళ్ళ దాకా లోపలే ఉన్నాడు.

"లిండ్సే?"

"డస్టీ. మంచి కుక్క. జారడ్ కంటే మాట వినేది."

ఇంట్లో మెషీన్ నీళ్ళు వదిలే చప్పుడు వినిపించింది. నేను ఆ చప్పుడుకి సంతోషపడ్డాను కూడా, ఇంక ఆరెయ్యొచ్చు కదా అని. అప్పుడు మార్లీ, "అమ్మా, ఏరు," అంది.

నేను ముందు అర్థం చేసుకోలేదు. ఇక్కడ ఏరేంటి? మార్లీ చూపించిన వైపు చూస్తే, నిమ్మచెట్టు పాదు నిండిపోయి, గట్టు తెగి, నురగతో ఒక సన్నటి పాయ కారు నీడలోకి పాకుతోంది. అది పాకడం ఇప్పుడు కాదు, ఎప్పుడో మొదలైనట్టుంది. కుడిపక్క స్టాండు కింద బిళ్ళ చుట్టూ మట్టి ముదురు రంగుకి తిరిగింది. మా మట్టి ఎండితే రాయి, తడిస్తే వెన్న. నేను చూస్తుండగానే బిళ్ళ అంచు ఒకవైపు కిందకి దిగింది. స్టాండు కాస్త వాలింది, కూర్చోబోయే ముసలాయనలా.

అరవాలనిపించింది. అరిస్తే ఆయన ఉలిక్కిపడి దేన్నైనా తంతాడు, ఎక్కడైనా తల కొట్టుకుంటాడు. నా నోటి నుంచి వచ్చిన గొంతు నాదిలా లేదు, అంత నెమ్మదిగా ఉంది.

"లిండ్సే. బయటికి రా."

"ఇంకొక్క తిప్పు తిప్పితే—"

"తిప్పొద్దు. పానా వదిలెయ్. దేన్నీ పట్టుకోకుండా, దేనికీ ఆనుకోకుండా ఇటువైపు వచ్చెయ్. ఇప్పుడే."

ఆయన ఎందుకని అడగలేదు. పానా మట్టిలో పడ్డ చప్పుడు. బూట్ల మడమలు నేలని తన్నుకుంటూ, మోకాళ్ళు, బెల్టు, చొక్కా, చివరికి తెల్లటి జుట్టు బయటికి వచ్చాయి. నేను మార్లీని గట్టిగా పొట్టకి అదుముకుని ఉన్నాను. లిండ్సే లేచి నిలబడి వెనక్కి తిరిగి చూసేసరికి స్టాండు ఇంకొంచెం వాలి, జారి, పక్కకి పడిపోయింది. కారు ఆ మూలన గబుక్కున కుంగి, అంచు కింద పెట్టిన చక్రం మీద కూర్చుంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. రబ్బరు మూలిగినట్టు ఒక శబ్దం. అంతే.

కారు కింద ఆయన ఛాతీ ఉన్నచోట ఇప్పుడు జానెడు సందు ఉంది. మనిషి పట్టే సందే. చక్రం లేకపోతే అదీ ఉండేది కాదు.

లిండ్సే ఆ సందు వైపు చూశాడు, నిమ్మచెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"బిడ్డ లంగోటీల నీళ్ళతో చావడం మా వంశంలో ఎవరికీ రాలేదు," అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేనే కదా ఆ నీళ్ళు వదిలింది. ఆయన అది చెప్పనివ్వలేదు. "మెషీన్ ఆపి రా. టీ నేను పెడతా," అని లోపలికి వెళ్ళాడు. నేను గొట్టం లాగి కంచె అవతల పడేసి వచ్చేసరికి నా కప్పులో చక్కెర వేస్తూ ఉన్నాడు. నేను చక్కెర వేసుకోనని ఆయనకి తెలుసు. ఒక చెంచా వేసి, మళ్ళీ మర్చిపోయి ఇంకో చెంచా వేశాడు. నేను ఆ టీ అడుగుదాకా తాగాను.

మెట్ల మీద కూర్చున్నాం. మార్లీ తడిమట్టిలో చేతులు ముంచి కేకులు చేస్తోంది.

"మొరీన్ కూడా కూర్చునేది," అన్నాడు లిండ్సే, కప్పులోకి చూస్తూ. "షెడ్డులో డ్రమ్ము బోర్లించి, దాని మీద కూర్చుని అల్లుకునేది. నేను ఏ బండి కింద ఉన్నా సరే. ఇంట్లో కుర్చీలు లేవా అని వెక్కిరించేవాణ్ణి. షెడ్డులో చల్లగా ఉంటుంది అనేది." కప్పు మెట్టు మీద పెట్టాడు. "ఆ షెడ్డు ఎప్పుడూ పొయ్యి, టీగన్. జనవరిలో అందులో గుడ్డు పెడితే ఉడుకుతుంది. అక్కడ చల్లగా ఉంటుందట!"

నేను ఆయన భుజానికి నా భుజం ఆనించాను. ఇద్దరం అలాగే ఉన్నాం, మార్లీ ఒక మట్టికేకు తెచ్చి ఆయన మోకాలి మీద పెట్టేదాకా.

పని ఆపలేదు. ఆయన యూట్‌లో గొర్రెల షెడ్డు నేల నుంచి ఊడదీసిన వెడల్పాటి చెక్కలు ఉన్నాయి. కారుని మళ్ళీ జాకీతో లేపి, తడిసిన మట్టి పారతో తీసేసి, కింది పొడినేల మీద చెక్కలు పరిచి, వాటి మీద స్టాండ్లు పెట్టాడు. పెట్టాక నన్ను పిలిచి, "ఇన్‌స్పెక్టరు గారూ, చూసుకోండి," అన్నాడు. నేను నిజంగానే చూశాను. నాలుగు వైపులా తిరిగి, కాలితో తన్ని, చక్రం జరిపించి, అప్పుడు సరే అన్నాను. వెక్కిరింపు లేకుండా ఆయన నా సరే కోసం ఆగాడు. కుడిపక్క ఆర్ము ఎక్కింది, షాక్ అబ్జార్బర్ ఎక్కింది, చక్రాలు ఎక్కాయి.

"ఇంకా బోల్టులు పూర్తిగా బిగించలేదేం?" అన్నాను. వదులుగా ఉన్నది ఏదైనా నాకు పడదు.

"గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది. తర్వాత కారు బరువు పడగానే మెలితిరిగి చిరుగుతుంది. కారు తన కాళ్ళ మీద నిలబడ్డాకే చివరి బిగింపు. మామూలు బరువు ఉండాలి. వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చో."

"నేనా?"

"మరి? ఊళ్ళో ఇప్పుడు నీకంటే బరువైన వాళ్ళు దొరకరు."

"నేను చూసుకోకపోతే నువ్వు కింద—"

"చక్రాలు నాలుగూ చెక్కల మీద ఉన్నాయి, వాటికి రాళ్ళు అడ్డం ఉన్నాయి. కిటికీ దించుకుని కుక్కల పేర్లు అడుగు."

నేను సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను. పొట్టకి స్టీరింగ్ తగులుతోంది. లోపల బిడ్డ ఒక తన్ను తన్నింది. కింద నుంచి పానా క్లిక్‌మనే చప్పుడు కాళ్ళ దాకా వచ్చింది. "లిండ్సే?" అంటే "మొదటి బ్లూ వాళ్ళమ్మ, బెల్" అని వచ్చింది. వెనకసీటులో మార్లీ "బెల్!" అంది. ఎండ పచ్చగా తిరుగుతోంది. తీగ మీద చిన్న చిన్న బట్టలు వరసగా ఊగుతున్నాయి. అంత హాయిగా నేను ఆ నెలలో కూర్చోలేదు.

సాయంత్రం మట్టిరోడ్డు మీద తిప్పి చూశాం, నేనే నడిపాను. మడతలు వచ్చాయి, చక్రాలు వాటి మీద గలగలమన్నాయి, ఆ సుత్తి దెబ్బలు మాత్రం రాలేదు. నేను ఒక క్షణం స్టీరింగ్ మీద చేతులు వదులు చేశాను. కారు రోడ్డు మధ్యనే వెళ్ళింది. లిండ్సే కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ డాష్‌బోర్డుని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. గుర్రాన్ని తట్టినట్టు. అడిలైడ్‌లో టైరు షాపులో చక్రాల అలైన్‌మెంట్ ఒకసారి సరిచేయించమన్నాడు, అంతే.

వెళ్ళేముందు సామాను యూట్‌లో సర్దుకుంటూ, "వచ్చేవారం నా బండి వెనక పట్టీ స్ప్రింగులు మార్చాలి. ఇవాళ చెయ్యి తిరిగింది," అన్నాడు.

"జారడ్ వచ్చేదాకా ఆగు. నన్ను దిగబెట్టి, పురుడయ్యాక వస్తాడు."

"చూద్దాం."

"చూద్దాం కాదు. మాటివ్వు. ఎవరూ లేకుండా కింద దూరను అని."

"ఇవాళ నేర్చుకున్నాను కదా, అమ్మాయ్. చూద్దాం అన్నాను."

మా వైపు చూద్దాం అంటే ఏమిటో మీకూ తెలుసు. ఆయన నేర్చుకోలేదని కాదు. నేర్చుకున్నాడు. కానీ పొద్దున్నే లేచేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు, బండి వాకిట్లో ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, చేతులు ఊరికే ఉండవు.

రేపు తెల్లారి మేము బయల్దేరుతున్నాం. జారడ్ లోపల నిద్రపోతున్నాడు, నిమ్మచెట్టు పాదు ఎండిపోయింది. బిడ్డ పుట్టేదాకా నేను తిరిగి రాను. లిండ్సే షెడ్డులోకి ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని ఈ చుట్టుపక్కల ఉండే మిమ్మల్నే అడుగుతున్నాను. మీలో ఎవరైనా సైలోల రోడ్డు మీదుగా వెళ్తుంటే, పాత పాలక్యానునే ఉత్తరాల డబ్బాగా పెట్టిన గేటు దగ్గర కాస్త ఆగండి. షెడ్డు తలుపు తెరిచి ఉండి, యూట్ వెనక భాగం పైకి లేచి ఉంటే, లోపలికి వెళ్ళి పేరు పెట్టి పిలవండి. ఎవడ్రా, పని చేసుకోనివ్వరు అని విసుక్కుంటాడు. పట్టించుకోకండి. ఆ విసుగు మీ చెవులతో వినేదాకా గేటు దాటొద్దు, తీరిక ఉంటే లోపలే కాసేపు కూర్చోండి.